కళింగపట్నం తీరంలో ఉదయపు షాట్ తీసే విధానం
శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వద్ద సూర్యుడు నీటి మీదుగా ఉదయిస్తాడు కనుక, ఛాయాగ్రాహకుడు చీకటి ఉండగానే ట్రైపాడ్ నిలిపి, దాని కాళ్ల కింద చెక్కపలకలు వేయించాలి. లేకపోతే అల వెనక్కి పోయినప్పుడల్లా ఇసుక జారి ఫ్రేము ఒరుగుతుంది. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని 1/48 సెకను దగ్గరే ఉంచాలి. వెలుగు పెరిగిందని షట్టర్ వేగం పెంచితే అలల కదలిక తునకలుగా కనబడుతుంది, అందువల్ల లెన్సు ముందు 0.9 ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగును తగ్గించే గాజు) పెట్టి మూడు స్టాపుల వెలుగు, అంటే ఎనిమిదో వంతుకు, తగ్గించడమే సరైన పద్ధతి అని నా దృఢాభిప్రాయం. సూర్యుడు నటి వెనుక ఉన్నప్పుడు తెల్లని థర్మోకోల్ పలకతో వెలుగును ఆమె చెంపపైకి తిప్పాలి. లెన్సు మార్చేటప్పుడు మాత్రం గాలికి వీపు పెట్టి, కెమెరాను కిందికి వంచి పట్టుకోవాలి. ఒకసారి నేను తొందరపడి, కెమెరా లోపల బొమ్మను గ్రహించే సెన్సార్‌పై ఉప్పు తుంపర పడనిచ్చాను. ఆ చిన్న మచ్చ ఆనాడు తీసిన ఆకాశమంతటా వెంటాడింది.