ప్రాజెక్టు సైటు ఎవరు చూసుకుంటారో ముందు తేల్చుకోండి

నేను ఒక చిన్న తెలుగు కీబోర్డు ప్రాజెక్టులో పనిచేస్తాను. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో కోడ్ రాసేవాళ్లమే. ఇలాంటి ప్రాజెక్టు సైటుకు ఏ టూల్ బాగుంటుందని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: రెండేళ్ల తర్వాత మీకు తీరిక లేనప్పుడు అందులో ఒక వాక్యం మార్చాల్సొస్తే ఎవరు మారుస్తారు?

రాసేవాళ్లు కోడ్ జోలికి రానివాళ్లయితే వర్డ్‌ప్రెస్ మంచిదే. బ్రౌజర్‌లో రాసి బటన్ నొక్కితే చాలు. కానీ దాని వెనక పీహెచ్‌పీ భాషలో రాసిన కోడ్, డేటాబేస్, ప్లగిన్లు ఉంటాయి. అప్‌డేట్లు వేస్తూ, బ్యాకప్ తీస్తూ ఉండే మనిషి పేరు చెప్పగలిగితేనే అటు వెళ్లండి. వికీ అయితే స్పామ్ తుడిచే మనిషి కావాలి.

మాలాంటి వాళ్లకు స్టాటిక్ సైటే సరి, అంటే డేటాబేస్ లేకుండా ముందే తయారుచేసి పెట్టిన పేజీలతో నడిచేది. పేజీలను మార్క్‌డౌన్ (తేలికపాటి గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్లుగా, కోడ్ దాచుకునే రిపాజిటరీలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే. ‘ఱ’ టైప్ చేసే కీ మార్చారనుకోండి, అదే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును చేర్చమని పంపే అభ్యర్థనలో) సహాయం పేజీ కూడా మారాలి. లేకపోతే దాన్ని మెర్జ్ చేయొద్దు, అంటే అసలు కోడ్‌లో కలపొద్దు. సైటు వేరే చోట ఉంటే ‘తర్వాత రాద్దాంలే’ అంటాం, ఇక అది అంతే. పాత పేజీ చూసి ఆ అక్షరం రావట్లేదని కీబోర్డే తీసేసేవాళ్లు ఉంటారు.

హోస్టింగ్‌కు, కోడ్ దాచే గిట్‌హబ్ సైటులోనే ఉండే గిట్‌హబ్ పేజెస్ చాలు. పబ్లిక్ రిపాజిటరీలకు ఉచితం, సొంత డొమైన్ పెట్టినా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే చూసుకుంటుంది. సైటు సైజు 1 జీబీ దాటకూడదు కాబట్టి ఇన్‌స్టాలర్లను అందులో పెట్టకండి, గిట్‌హబ్‌లోనే ఉండే రిలీజెస్ విభాగంలో పెట్టండి. అక్కడ తాజా రిలీజుకు ఎప్పటికీ మారని లింకు దొరుకుతుంది. ఫైలు పేరులో వెర్షన్ నంబరు లేకుండా చూసుకుంటే డౌన్‌లోడ్ బటన్‌ను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మార్క్‌డౌన్‌ను వెబ్ పేజీలుగా మార్చే జెకిల్ అనే టూల్ పేజెస్‌లోనే ఉంటుంది. పేజీలు వందల్లోకి వెళ్తే, అదే పని చేసే హ్యూగో వేగంగా బిల్డ్ చేస్తుంది, పైగా జెకిల్‌కు కావాల్సిన రూబీ భాష దీనికి అక్కర్లేదు.

ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే, వాట్సాప్‌లో పంపిన లింకు శాతం గుర్తులతో బారెడు పొడుగవుతుంది.

డొమైన్ ఒక్కరి సొంత ఈమెయిల్ మీద ఉండనివ్వకండి. ఆయన ఫోన్ ఎత్తకపోతే రెన్యువల్ ఆగిపోతుంది. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) దగ్గరున్న ఖాతా కనీసం ఇద్దరి చేతిలో ఉండాలి.

అన్నీ అమర్చాక, కొత్తగా చేరినవాళ్లకు ఒక అచ్చుతప్పు చూపించి దిద్దమనండి. గిట్‌హబ్‌లో పెన్సిల్ గుర్తు నొక్కి వాళ్లంతట వాళ్లు దిద్దగలిగితే ఆ ఏర్పాటే ఉంచండి. ‘ముందు ఇది ఇన్‌స్టాల్ చేసుకో’ అని చెప్పాల్సొస్తే, పేజీలు ఇంకా కొన్నే ఉన్నప్పుడే టూల్ మార్చేయండి.