పాత కారు పొగ టెస్ట్‌లో ఫెయిల్ అయింది, నేనేం చేశానంటే

నా పాత పెట్రోల్ కారుని ఫిట్‌నెస్ టెస్ట్‌కి తీసుకెళ్తే బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ ఓకే, ఒక్క పొగ దగ్గర ఆగిపోయింది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువొస్తోందట. చూసినవాళ్ళంతా క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే పార్ట్) పోయింది మార్చేయ్ అన్నారు, అదేమో బాగా ఖరీదైన పార్ట్, అందుకే ముందు నేనే చూద్దామని బానెట్ ఎత్తా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వింటే టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు, ఎగ్జాస్ట్ పైపు ఇంజిన్‌కి కలిసే చోట గాస్కెట్ (సందు మూసే పలుచటి పొర) పక్కన వేలి వెడల్పున నల్లటి మసి. లీకు అక్కడే! ఆ సందులోంచి బయటి గాలి లోపలికెళ్ళి పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సార్‌కి తగులుతుంది, పెట్రోల్ తక్కువైందనుకుని ఇంజిన్ కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోస్తుంది, మామూలుగా బరువులో 1 వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి ఉండాలి, ఆ లెక్క తప్పిపోయి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. గాస్కెట్ మార్చా, ఎయిర్ ఫిల్టర్ కూడా.

రెండోసారి అరగంట నడిపి వేడివేడిగా తీసుకెళ్ళా, ఎందుకంటే కన్వర్టర్ బాగా వేడెక్కితేగానీ పనిచెయ్యదు. పాసయింది.

కానీ మొదటిసారి లైన్లో గంటసేపు ఇంజిన్ ఆపించి, చల్లారిన బండికి రీడింగ్ తీశారు చూడండి, అది మాత్రం అన్యాయం. పొగకి బండి తయారైన ఏడాది నాటి కొలతే పెట్టాలి, ఇంజిన్ వేడెక్కాకే చూడాలి. బ్రేకుల దగ్గర మాత్రం పాత బండికైనా సడలింపు అస్సలొద్దు. ఫెయిల్ అయితే రీడింగ్ కాగితం అడిగి తీసుకోండి, నాకు దారి చూపించింది అదే.