లాంగ్ వీకెండ్‌కు కాన్‌కూన్: ఎక్కడ చిక్కుకుంటారు, ఎలా బయటపడాలి

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్ళకు వరసగా నాలుగు రోజులు సెలవు దొరికితే మొదట గుర్తొచ్చేది మెక్సికో సముద్రతీరంలోని కాన్‌కూన్. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పొద్దున విమానం ఎక్కితే మధ్యాహ్నానికి సముద్రంలో ఉంటారు. హోటలు ఎలా ఎంచుకోవాలో, టికెట్లు ఎప్పుడు కొనాలో మీకు తెలుసు, ఆ జోలికి పోను. ప్రయాణం ఎక్కడ బెడిసికొడుతుందో అది మాత్రం చెబుతాను. టికెట్లు కొనకముందే ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచి తేదీలు చూసుకోండి అని ఎంత మొత్తుకున్నా, అందరూ చూసేది హోటలు ఈతకొలను ఫోటోలే.

సమస్య: చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేశారు

భారత పాస్‌పోర్టుతో మెక్సికో వెళ్ళాలంటే ఆ దేశపు వీసా ఉండాలి. గడువు తీరని అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే అది అక్కర్లేదు. గడువు చూడవలసింది పాస్‌పోర్టులో అతికించిన అమెరికా వీసా మీద, అంటే మనవాళ్ళు స్టాంపింగ్ అనేదాని మీద. చేతిలో ఉన్న ఐ-797తో, అంటే హెచ్-1బి మంజూరైందని అమెరికా ప్రభుత్వం ఇచ్చిన కాగితంతో, మెక్సికో వాళ్ళకు పని లేదు.

'ముప్పై రోజుల లోపు వెళ్ళొస్తే స్టాంపింగ్ గడువు తీరినా పరవాలేదట' అని ఎవరో చెప్పగా విని బయలుదేరేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. ఆ మాట అబద్ధం కాదు. ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అనే నిబంధన నిజంగానే ఉంది. అయితే అది మిమ్మల్ని తిరిగి అమెరికాలోకి రానిచ్చే నిబంధన. మెక్సికోలోకి రానిచ్చేది మెక్సికో. ఎయిర్‌లైన్ వాళ్ళు ఆ దేశపు షరతు చూసే బోర్డింగ్ పాస్ ఇస్తారు.

పరిష్కారం: మెక్సికో కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని వీసా తెచ్చుకోండి. అంత వ్యవధి లేదంటే పోర్టోరికో వెళ్ళండి. అది అమెరికా భూభాగమే, సముద్రం అక్కడా వెచ్చగానే ఉంటుంది. స్టాంపింగ్ పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ తీసుకెళ్ళండి. స్టాంపింగ్ మీద పాత కంపెనీ పేరు ఉందని కంగారు పడేవాళ్ళున్నారు, దానివల్ల ఏమీ కాదు.

సమస్య: తిరిగొచ్చిన కొన్ని నెలలకు, డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కు వెళితే 'మీ గడువు దగ్గర పడింది' అన్నారు

అసలు చెప్పాలనుకున్నది ఇదే. సెలవు బాగా గడిచింది, ఎవరూ ఎక్కడా ఆపలేదు, ఫోటోలు పెట్టుకున్నారు. దెబ్బ తగిలిందని నెలల తరబడి తెలియదు.

మెక్సికో నుంచి విమానంలో తిరిగి వచ్చినప్పుడు సాధారణంగా మీకు కొత్త ఐ-94 పుడుతుంది. అమెరికాలో ఏ తేదీ దాకా ఉండవచ్చో చెప్పే రికార్డు అది. అంతకుముందు ఐ-797 అడుగున వచ్చిన ఐ-94 మీద ఎంత దూరపు తేదీ ఉన్నా, ఇక లెక్కలోకి వచ్చేది కొత్తదే. ఆ కొత్త తేదీ వేసేటప్పుడు ఎయిర్‌పోర్టులోని ఇమిగ్రేషన్ ఆఫీసరు పాస్‌పోర్టు గడువు కూడా చూస్తారు. వీసా 2027 దాకా, ఐ-797 2027 దాకా ఉన్నా, పాస్‌పోర్టు వచ్చే మార్చితో ముగుస్తుంటే ఐ-94 కూడా వచ్చే మార్చి దగ్గరే ఆగుతుంది. ఆ తేదీతో మీ స్టేటస్, అంటే అమెరికాలో ఉండే అనుమతి, ముగుస్తుంది. లైసెన్సు ఆఫీసులో చెప్పిన గడువు ఇదే. స్టాంపింగ్ మీద ఇంకా గడువుంది కదా అని వాదించి లాభం లేదు.

ఇది ఎక్కువగా పిల్లల దగ్గర జరుగుతుంది. మనదేశంలో పెద్దలకు పాస్‌పోర్టు పదేళ్ళకిస్తే చిన్నపిల్లలకు ఐదేళ్ళకే ఇస్తారు. తండ్రికి బోలెడు గడువుంటుంది, తల్లికీ ఉంటుంది, అమెరికాలో పుట్టిన చిన్నదానికి అసలు ఈ గొడవే లేదు. హైదరాబాద్‌లో పుట్టి హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పెద్దవాడి పాస్‌పోర్టు మాత్రం ఆరు నెలల్లో అయిపోతుంది. నలుగురూ ఒకే కౌంటర్ ముందు నిలబడి ఒకే నిమిషంలో బయటికొస్తారు, ఐ-94 తేదీలు మాత్రం తలోరకంగా ఉంటాయి. తర్వాత వాడి పాస్‌పోర్టు రెన్యువల్ చేయించి, ఆ పని అయిపోయిందనుకుంటారు. కొత్త పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఐ-94 తేదీ కదలదు.

కంపెనీ చెబుతుందని చూడకండి. హెచ్ఆర్ వాళ్ళు లెక్కపెట్టేది మీ ఐ-797 గడువును. మీ విహారయాత్ర సంగతి వాళ్ళకు తెలియదు. వెనకటిలా పాస్‌పోర్టులో కాగితం కుట్టి ఇవ్వరు. విమానంలో వచ్చేవాళ్ళకు 2013 నుంచి ఐ-94 ఎలక్ట్రానిక్ రికార్డు. ఈమధ్య చాలా చోట్ల ముద్ర కూడా వేయడం లేదు కాబట్టి తేదీ కంటికి కనిపించే అవకాశమే లేదు.

అందుకని, ఇంటికి చేరిన రాత్రే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం) వారి ఐ-94 వెబ్‌సైట్ తెరిచి, ఇంట్లో ఒక్కొక్కరి రికార్డూ విడివిడిగా తీసి దాచుకోండి. చూసుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. డబ్బులడిగే సైట్ తెరుచుకుంటే మీరు వేరేచోటికి వెళ్ళారని అర్థం. ఏ పాస్‌పోర్టుతో దేశంలోకి వచ్చారో ఆ నంబరే ఇవ్వాలి, తర్వాత వచ్చిన కొత్త నంబరుతో వెతికితే దొరకదు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా విడదీసి ఉంటే అలాగే కొట్టాలి.

తేదీ తగ్గిందని తేలితే, ఎందుకు తగ్గిందో ముందు తేల్చుకోండి. పాస్‌పోర్టులో గడువు బోలెడుండి, ఆఫీసరు పాత పిటిషన్ తేదీ చూసి వేశారనుకోండి, అది పొరపాటు. కొత్త ఐ-797 పట్టుకుని ఇలాంటి పొరపాట్లు దిద్దే దగ్గరలోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయాన్ని సంప్రదిస్తే సరిచేస్తారు. పాస్‌పోర్టు గడువు వల్లే తగ్గితే వాళ్ళ దృష్టిలో అది పొరపాటు కాదు, దిద్దుతారన్న ఆశతో రోజులు గడపకండి. ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాలి. తర్వాత, ఆ తేదీ లోపే, కొత్త పాస్‌పోర్టు, ఐ-797, గడువున్న స్టాంపింగ్‌తో ఒకసారి దేశం దాటి తిరిగి రావాలి, లేదా ఇక్కడి నుంచే గడువు పొడిగింపుకు (ఎక్స్‌టెన్షన్‌కు) దరఖాస్తు పెట్టాలి. హెచ్-1బి అయితే కంపెనీ ఐ-129 ఫారం వేస్తుంది, హెచ్-4 అయితే ఐ-539 ఫారం వేయాలి.

తేదీ ఇప్పటికే దాటిపోయిందా? ఇక వాట్సాప్ గ్రూపులో అడగడం మానేసి ఈరోజే ఇమిగ్రేషన్ లాయరుకు ఫోను చేయండి. పెద్దవాళ్ళ విషయంలో అలా 180 రోజులు దాటి, ఆ తర్వాత దేశం విడిచి వెళితే మూడేళ్ళు తిరిగి రానివ్వరు, ఏడాది దాటితే పదేళ్ళు.

ఇదంతా తప్పించుకోవడానికి టికెట్లకు ముందు ఒక్క పోలిక చాలు: ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు గడువు వారి ఐ-797 గడువు కన్నా తర్వాత ఉందా? లేకపోతే ముందు పాస్‌పోర్టు, తర్వాతే బీచ్.

సమస్య: ఫోటోలో నీలం, అక్కడ చూస్తే గోధుమరంగు

సార్గాసం అనే సముద్రపు నాచు. వసంతంలో, వేసవిలో కరేబియన్ ఒడ్డుకు కొట్టుకొస్తుంది, కుళ్ళితే కోడిగుడ్డు కంపు. రిసార్టు మీద కోపగించుకుని లాభం లేదు, వాళ్ళు తెల్లవారే ట్రాక్టర్లతో ఎత్తిస్తారు, మధ్యాహ్నానికి మళ్ళీ చేరుతుంది. పడవెక్కి ఇస్లా ముహేరెస్ దీవిలోని ప్లాయా నోర్తె బీచికి గానీ, కోసుమెల్ దీవి పడమటి తీరానికి గానీ వెళ్ళండి, అక్కడ బెడద చాలా తక్కువ. ఇంకా బుక్ చేయలేదంటే పసిఫిక్ వైపున్న ప్యూర్తో వయార్తా చూడండి. మెక్సికోలోనే ఉన్న కాబో సాన్ లూకాస్‌కు (కాబోకు) వెళ్ళేవాళ్ళు మాత్రం రిసార్టు ముందు ఈతకు దిగవచ్చో లేదో ముందే అడగాలి. అక్కడ చాలా తీరాల్లో కెరటాలు ప్రమాదకరం, మెదానో బీచ్ నయం.

సమస్య: శాకాహారమని చెప్పినా అనుమానంగా ఉంది

అనుమానం నిజమే కావచ్చు. మెత్తగా మెదిపిన బీన్స్‌లో తరచు పంది కొవ్వు వేస్తారు, ఎర్రటి అన్నం కోడి రసంలో ఉడుకుతుంది. మాంసం వద్దంటే చాలదు. 'సిన్ మాంతెకా, సిన్ కాల్దో దె పోయో' (పంది కొవ్వు వద్దు, కోడి రసం వద్దు) అని ఫోనులో రాసి చూపించండి.

మిగతావి

కాన్‌కూన్ గడియారం ఏడాది పొడుగునా మారదు: వేసవిలో డాలస్ సమయమే, చలికాలంలో ఒక గంట ముందు. ఏటీఎం 'మీ కరెన్సీలోకి మార్చమంటారా' అంటే వద్దనండి. ఎయిర్‌పోర్టు హాల్లో టాక్సీ ఇప్పిస్తామని చేయి ఊపేవాళ్ళు చాలావరకు టైమ్‌షేర్ (ఏటా కొన్నిరోజులు వాడుకునే రిసార్టు వాటా) అమ్మేవాళ్ళే, ఆగకుండా బయటికి నడవండి. తుపాను వల్ల ప్రయాణం రద్దవడం అరుదే. జూన్-నవంబరు మధ్య వెళుతూ భయం ఉంటే బీమా టికెట్ల రోజే తీసుకోండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు సాధారణంగా వర్తించదు.