ఉల్లి వేరులో మైటాసిస్, పూమొగ్గలో మియాసిస్: స్లైడ్ మీద తేడా పట్టుకోవడం ఎలా?

తేడాల పట్టిక బట్టీపడితే పరీక్ష గట్టెక్కుతుంది గానీ, మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెట్టగానే ఏది మైటాసిస్సో ఏది మియాసిస్సో తేలదు. మైటాసిస్ అంటే క్రోమోసోముల సంఖ్య మారకుండా కణం రెండుగా విడిపోవడం, మియాసిస్ అంటే సంఖ్య సగమై నాలుగు కణాలు రావడం. రెండూ ఒకే ఉల్లి మొక్కలో దొరుకుతాయి. ఉల్లి శరీర కణంలో క్రోమోసోములు (జన్యువులను మోసే పోగులు) 16. ఈ అంకె పట్టుకొని మొదలుపెట్టండి.

ముందు వేరు. రైతుబజార్‌లో నిల్వ ఉన్న, గట్టి ఉల్లిగడ్డ తీసుకోండి. అప్పుడే తవ్విన గడ్డ నిద్రావస్థలో ఉంటుంది, తొందరగా వేళ్లు వేయదు. అడుగున ఎండిన పాత వేళ్లను బ్లేడుతో గీకేయండి. కింది బిళ్ల మాత్రం తెగకూడదు, కొత్త వేళ్లు పుట్టేది అక్కడే. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, అడుగు మాత్రమే తడిసేలా గడ్డను మూతి మీద కూర్చోబెట్టండి. హైదరాబాద్ ఎండాకాలంలో నీళ్లు వేడెక్కి గడ్డ కుళ్లిపోతుంది. నీడలో పెట్టి రోజూ నీళ్లు మార్చండి.

వేళ్లు 2, 3 సెంటీమీటర్లకు పెరిగాక ఉదయం 8, 9 గంటల మధ్య కొనలు కత్తిరించి, గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 1 వంతు, ఇథైల్ ఆల్కహాల్ 3 వంతులు కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచండి. ఏ కణం ఏ దశలో ఉంటే అక్కడే ఆగిపోతుంది. నిల్వకైతే 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి.

స్లైడ్ మీద ఒక వేరు పెట్టి, 1 నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 చుక్క, క్రోమోసోములకు రంగెక్కించే అసిటోకార్మిన్ 2, 3 చుక్కలు వేసి స్పిరిట్ దీపం పైన అటూ ఇటూ ఆడించండి. ఆల్కహాల్ సీసా దీపానికి దూరంగా ఉండాలి. వేడి గోరువెచ్చగా చాలు. మరిగితే కణాలు పాడైపోతాయి. ఆమ్లం కణాల మధ్య జిగురును వదులు చేస్తుంది, అది సరిగా పడకపోతే ఎంత నొక్కినా కణాలు ముద్దగానే ఉంటాయి. 5, 10 నిమిషాలాగి, ముదురుగా రంగెక్కిన చివరి 2, 3 మిల్లీమీటర్లు ఉంచి మిగతాది తీసేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: కాస్త పైభాగం కోస్తే పొడుగ్గా సాగిన కణాలే కనిపిస్తాయి, విభజన ఒక్కటీ ఉండదు. కవర్‌స్లిప్ వేసి, పైన అద్దుడు కాగితం ఉంచి బొటనవేలితో నిలువుగా నొక్కండి. పక్కకు జరిగిందా, కణాలు చుట్టుకుపోతాయి.

పువ్వుకు ఉల్లి కాడ మీది గుత్తి విచ్చకముందే, రకరకాల సైజుల మొగ్గలు అదే ద్రవంలో వేయండి. పరాగకోశం (పువ్వులో పుప్పొడి తయారయ్యే సంచి) పసుపెక్కితే ఆలస్యమైనట్టే, లోపల పుప్పొడి తయారై ఉంటుంది. లేతగా, పాలిపోయినట్టున్న కోశాన్ని అసిటోకార్మిన్‌లో చిదిమి, తొక్కలు ఏరేసి, కవర్‌స్లిప్ వేసి నొక్కండి. ఒక కోశంలో కణాలు దాదాపు ఒకే దశలో ఉంటాయి కాబట్టి, కావలసిన దశ దొరక్కపోతే ఆ స్లైడ్‌నే వెతుకుతూ కూర్చోకుండా ఇంకో సైజు మొగ్గ తీయండి. వేరు కొనలో అలా కాదు, అన్ని దశలూ కలగలిసి ఉంటాయి. ఎక్కువ కణాలు అంతర్దశలోనే, అంటే ఇంకా విభజన మొదలవని స్థితిలోనే కనిపిస్తాయి.

ఇక తేడా. 10ఎక్స్‌లో వెతికి 40ఎక్స్‌లో లెక్కపెట్టండి. మధ్యస్థదశలో, అంటే క్రోమోసోములు కణం మధ్యకు చేరినప్పుడు, 16 క్రోమోసోములు వేటికవి విడిగా వరుసలో ఉంటే మైటాసిస్. జతకట్టి 8 జంటలుగా ఉంటే మియాసిస్ మొదటి విభజన. ఆ జంట కట్టడమే అసలు విషయం. వినిమయం (జంటలోని క్రోమోసోములు ముక్కలు మార్చుకోవడం) జరిగేది అప్పుడే, సంఖ్య సగమయ్యేది కూడా అందువల్లే. చలనదశలో, అంటే అవి కణం రెండు కొసలకు (ధ్రువాలకు) కదిలేటప్పుడు, మైటాసిస్‌లో ఒక్కో క్రోమోసోములోని రెండు పోగులు (క్రొమాటిడ్లు) విడిపోయి ఒక్కో ధ్రువానికి 16 వెళ్తాయి. మియాసిస్ మొదటి విభజనలో క్రొమాటిడ్లను కలిపి ఉంచే సెంట్రోమియర్ చీలదు, జంటలోని ఒక్కో క్రోమోసోము రెండు క్రొమాటిడ్లతో అలాగే కదులుతుంది, ఒక్కో వైపు 8. రెండో విభజన చూడ్డానికి అచ్చం మైటాసిస్‌లా ఉండి తికమక పెడుతుంది. అక్కడ ధ్రువానికి 8 మాత్రమే ఉంటాయి, అలాంటి రెండు విభజనలు పక్కపక్కనే కనిపిస్తాయి. నాలుగు కణాలు ఒకే గుంపుగా దొరికితే మియాసిస్ పూర్తయినట్టు.