ఇంట్లో తేయాకుల రుచిని పోల్చే పద్ధతి
పాలు, చక్కెర కలపని డికాక్షన్‌లోనే తేయాకు అసలు గుణం తెలుస్తుంది. మూడు తెల్లని పింగాణీ కప్పుల్లో డార్జిలింగ్, అస్సాం ఆకులతో పాటు, బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనెతో పరిమళం పట్టించిన ఎర్ల్ గ్రేను 2 గ్రాముల చొప్పున వేసి, ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్ల మరిగిన నీరు పోసి, మూతపెట్టి, 4 నిమిషాల తర్వాత వడకట్టాలి. ముందుగా తడి ఆకును వాసన చూడండి. గోరువెచ్చబడ్డాక చెంచాతో గట్టిగా జుర్రుకుంటే (శబ్దానికి మొహమాటపడనక్కరలేదు, వృత్తినిపుణులూ అలాగే చేస్తారు) డార్జిలింగ్‌లోని పూల పరిమళం, అస్సాంలోని చిక్కదనం స్పష్టమవుతాయి. నూనె వాసన నాలుకపై నిలిచిపోతుంది కనుక ఎర్ల్ గ్రేను చివరనే రుచి చూడాలి. అది చల్లారాక కూడా పరిమళం వెనుక ఆకు రుచి నిలబడితేనే మంచి రకమని నా అభిప్రాయం.