జలవిద్యుత్ ప్రాజెక్టులో పని అందుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు చిన్న సంస్థలకు

పోలవరం వద్ద గోదావరి ఎడమ గట్టున 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నిర్మాణంలో ఉంది. ఒక్కొక్కటి 80 మెగావాట్ల చొప్పున 12 యూనిట్లు వస్తాయి. యజమాని రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో, ప్రధాన కాంట్రాక్టరు మేఘా ఇంజినీరింగ్. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (కిందికి వదిలిన నీటిని మళ్లీ పైకి తోడి వాడుకునే) కేంద్రాన్ని కూడా జెన్‌కో తలపెట్టింది. ఇంత పెద్ద పనుల్లో విజయవాడ ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు, గుంటూరులో నాలుగు టిప్పర్లున్న యజమానికి చోటుందా అని చాలామంది అడుగుతుంటారు. చోటు ఉంది, కానీ అది టెండరు ప్రకటనలో కనబడదు. ప్రధాన టెండరు అడిగే టర్నోవరు, పూర్వానుభవం చిన్న సంస్థల దగ్గర ఉండవు కాబట్టి, వాటికి పని ప్రధాన కాంట్రాక్టరు నుంచో, అతని కింద ప్యాకేజీ తీసుకున్న సబ్ కాంట్రాక్టరు నుంచో రావాలి.

అందువల్ల మొదట చేయవలసింది ప్రధాన కాంట్రాక్టరు కొనుగోళ్ల విభాగంలో వెండరుగా నమోదు కావడం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు), జీఎస్టీ, పాన్, బ్యాంకు వివరాలు, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు, చేసిన పనులకు సంబంధించిన కంప్లీషన్ సర్టిఫికెట్లు ఒకే ఫైలులో సిద్ధంగా ఉంచుకోండి. ఈ చివరి కాగితం లేకనే ఎక్కువమంది వెనక్కి వస్తారు. దాన్ని సంపాదించడానికి నేను సూచించే దారి, నడుస్తున్న కేంద్రాల్లోని చిన్న మరమ్మతు పనులు. శ్రీశైలం కుడిగట్టు, నాగార్జునసాగర్ కుడికాలువ వంటి విద్యుత్ కేంద్రాలకు పెయింటింగు, గేట్ల మరమ్మతు, పంపుల ఓవర్‌హాలింగు లాంటి అవసరాలు ఉంటూనే ఉంటాయి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో జెన్‌కో టెండర్లను క్రమం తప్పకుండా చూస్తూ, డిజిటల్ సంతకం తీసుకొని ఉంచుకుంటే, లాభం తక్కువైనా అలాంటి ఒక పని మీ సంస్థకు తరువాతి పనుల్లో ఉపయోగపడే అర్హతను ఇస్తుంది.

ఇక ఏ పనికి వెళ్లాలి అన్నది. మెస్ నడపడం, సిబ్బందికి వాహనాలు, సెక్యూరిటీ, షట్టరింగు ప్లేట్లు, హ్యాండ్ రెయిళ్లు, కేబుల్ ట్రేలు, యంత్రాల అద్దె అన్నీ స్థానికులు చేయగలిగినవే. వీటిలో మన ప్రాంతానికి అసలు బలం ఫ్యాబ్రికేషన్ అని నా అభిప్రాయం. లారీ బాడీలు కట్టే చేతులకు ఇనుము పని కొత్త కాదు. కొత్తది కాగితం పని. జలవిద్యుత్ ప్రాజెక్టుకు వెళ్లే ప్లేటుకు తయారుచేసిన మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ ఉండాలి, ఆ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (ఆ ఇనుము ఏ విడత కరిగింపులో తయారైందో చెప్పే అంకె) ప్లేటు మీద కూడా ఉండాలి. ప్లేటును ముక్కలుగా కోసేటప్పుడు ఆ నంబరు ఒక్క ముక్క మీదనే మిగిలి, తక్కినవన్నీ ఊరూపేరూ లేని ఇనుముగా మారతాయి. తనిఖీకి వచ్చిన ఇంజినీరు వాటిని తిరస్కరిస్తే తప్పు ఆయనది కాదు. అందుకని కటింగు మొదలుపెట్టే ముందే ప్రతి ముక్క మీదకు హీట్ నంబరును పంచ్‌తో ఎక్కించి, రిజిస్టరులో రాయించండి. వెల్డర్లకు అర్హత పరీక్షలు ముందుగానే చేయించండి. వెల్డింగు విధానాన్ని రాతపూర్వకంగా ఆమోదింపజేసుకున్న తరువాతనే ఆర్క్ వెలిగించాలి.

యంత్రాలు అద్దెకిచ్చేవారికి లాగ్ షీటే బిల్లు. ఎక్స్‌కవేటరు ఎన్ని గంటలు తవ్వింది, ఎన్ని గంటలు పని లేక నిలబడింది, ఎన్ని గంటలు రిపేరులో ఉంది అన్న మూడు లెక్కలూ వేరువేరుగా రాసి, షిఫ్టు ముగిసిన వెంటనే సైటు ఇంజినీరు సంతకం తీసుకోవాలి. నెలాఖరున ఒకేసారి చేయించుకుందామనుకుంటే, అప్పటికి ఆ ఇంజినీరు వేరే సైటుకు మారి ఉండవచ్చు. డీజిల్ కంపెనీయే పోసి బిల్లులో కోసుకునే ఒప్పందమైతే, ప్రతి డీజిల్ స్లిప్పు నకలు డ్రైవరు దగ్గర ఉండాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి వరద వల్ల నదిలోని పనులు మందగిస్తాయి కాబట్టి, నెలకు కనీస గంటల హామీ ఆ నెలలకు వర్తిస్తుందా లేదా అన్నది వర్క్ ఆర్డరులోనే రాయించాలి. యంత్రం మీద బ్యాంకు వాయిదా ఉన్నవారికి ఈ ఒక్క వాక్యం చాలా ముఖ్యం.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది డబ్బు విషయం. తక్కువ రేటు వేసి పని పట్టుకొని, తరువాత బిల్లు కోసం ఏళ్ల తరబడి తిరిగే పద్ధతి చిన్న సంస్థలను మింగేస్తోంది. ‘మాకు బిల్లు వచ్చాకే మీకు చెల్లిస్తాం’ అనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కానీ సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, సరుకును లేదా సేవను అంగీకరించిన రోజు నుంచి చెల్లింపు 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక గడువు లేకపోతే 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. వివాదం వస్తే ఈ చట్టం కింద బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. అయితే ఒప్పందానికి ముందే ఉద్యమ్ నమోదు చేయించుకోవడం క్షేమం. మధ్యతరహా సంస్థలకు ఈ రక్షణ లేదు. నిర్మాణం, సామగ్రి కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఇది వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టు తీర్పులు ఒకే తీరుగా లేవు కనుక, వీలైనచోట సరఫరాకు, బిగింపు పనికి వేరువేరు ఆర్డర్లు అడగడం మేలు.

రేటు కట్టేటప్పుడు చేతికి ఎప్పుడు ఎంత వస్తుందో కూడా లెక్క వేయండి. ఆదాయపు పన్ను టీడీఎస్ కింద వ్యక్తులకు 1 శాతం, భాగస్వామ్య సంస్థలకు, కంపెనీలకు 2 శాతం మినహాయిస్తారు. మీరు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను) సకాలంలో దాఖలు చేయకపోతే కంపెనీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అందుచేత బిల్లులోని పన్ను భాగాన్ని ఆపేస్తారు. ప్రతి ఆర్ఏ బిల్లులోనూ (పని నడుస్తుండగా విడతలుగా పెట్టే బిల్లు) రిటెన్షన్ కింద, అంటే పూచీగా, కొంత పట్టి ఉంచుతారు. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపాలు తేలితే మీరే సరిచేయవలసిన కాలం) ప్రాజెక్టు మొత్తం పూర్తయిన రోజు నుంచి మొదలవుతుందని రాస్తే, మీ డబ్బు ఎన్నేళ్లు అక్కడే ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మీ పని అప్పగించిన తేదీ నుంచి గడువు మొదలయ్యేలా మార్పించండి. అప్పగించిన రోజునే ఉమ్మడి కొలతల కాగితం మీద ఇరుపక్షాల సంతకాలూ తేదీతో సహా తీసుకొని, రిటెన్షన్ విడుదల కోరుతూ రాయవలసిన ఉత్తరం తేదీని అప్పుడే మీ క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి.