ర్యాలీకి బైక్ మీద వెళ్తున్నారా? సామాను ముందే కట్టి చూడండి

దూరపు ర్యాలీకి, అంటే బైకర్లంతా ఒకచోట కలిసే మేళాకి, బయల్దేరే రోజు పొద్దున్నే హడావిడిగా సామాను కట్టొద్దు. వారం ముందే మొత్తం కట్టేసి, వెనక కూర్చునే మనిషి ఉంటే వాళ్లనీ ఎక్కించుకుని, ఓ 50 కిలోమీటర్లు తిరిగి రండి. బరువు వెనక పడగానే బండి తీరే మారిపోతుంది. హెడ్‌లైట్ పైకి లేచి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. సస్పెన్షన్ దిగేసరికి చైన్ బిగుస్తుంది కాబట్టి దాని వదులు బరువు మీదే ఓసారి చూసుకోవాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే, మాన్యువల్‌లో ఇద్దరికీ సామానుకీ చెప్పిన లెక్క ప్రకారం పట్టించండి.

ఇంటికొచ్చాక ప్రతి పట్టీనీ వేలితో లాగి చూడండి. ఒకటో రెండో తప్పకుండా వదులై ఉంటాయి. వేలాడే కొసలు చక్రంలో చుట్టుకుంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు, మడిచి టేప్ వేసేయండి. బరువైనవి కింద, సీటుకు దగ్గరగా. రెయిన్‌కోటు మాత్రం అన్నిటికన్నా పైన.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే ముఖ్యం: తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. ర్యాలీలో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు. ఆఖరి రాత్రి పడుకుని, పొద్దెక్కాకే స్టార్ట్ చేయండి.